శక్కర్‌నగర్ క్వార్టర్ల జాగ ఎవరికి?

నిజామాబాద్ పట్నంలో టులెట్ బోర్డు చూసి తలుపు కొట్టిన దళితునికి కిరాయి ఎంతో తెలిసే ముందే ఒక ప్రశ్న ఎదురైతది. "మీరేమోళ్ళు?" మొరటు మనిషైతే ఇట్ల సూటిగ అడుగుతడు. సదువుకున్నోడు, మర్యాదస్తుడు అట్ల అడగడు. "సొంతూరు ఏది? ఊళ్ళె మీ ఇల్లు ఏ దిక్కు?" అంటడు. ఊళ్ళె ఇల్లు ఏ దిక్కున్నదో చెప్తే ఇంక కులం చెప్పే పనే లేదు. "మేం నీసు ముట్టం, మీకే ఇబ్బందైతది" అని మన మీదనే జాలి పడతడు. ఇంకొకడు "నిన్ననే వేరేటోళ్ళకు మాటిచ్చినం, బోర్డు తియ్యడం మర్చిపోయినం" అంటడు. పది రోజులైనంక అటు పోయి చూస్తే ఆ బోర్డు అట్లనే ఊగుతుంటది. ఇది రాస్తున్నోడికి మూడిండ్లు ఇట్లనే తప్పినయి. నాలుగో ఇల్లు దొరికింది. దాని ఓనరు దుబాయిల ఉంటడు. నెల నెల కిరాయి బ్యాంకుల పడితే చాలు, లోపల ఉండేటోడు ఎవడైతే ఆయనకేంది! గల్ఫు పుణ్యమా అని ఇల్లు దొరికిన దళితుడు మా జిల్లాల నేనొక్కన్నే కాదు.

ఈ అవమానం కొత్తది కాదు. 1917లో బాబాసాహెబ్ అమెరికాల, లండన్ల సదువుకొని బరోడా సంస్థానంల కొలువుకు పోయిండు. సదువుకు సొమ్మిచ్చిన బరోడా మహారాజు దగ్గరనే ఉద్యోగం. జేబుల పెద్ద డిగ్రీలున్నయి, తల దాచుకునేతందుకు చారెడు జాగ లేదు. హిందూ హోటలు రానియ్యదు. ఆఖరికి ఒక పార్సీ సత్రంల, పార్సీ పేరు రాయించుకొని దిగిండు. పదకొండో రోజు పొద్దున కట్టెలు పట్టుకొని పార్సీలు గుంపుగ వచ్చిండ్రు. నువ్వెవడివి, మా సత్రాన్ని మైల చేస్తవా అని నిలదీసి సాయంత్రానికల్ల ఖాళీ చెయ్యమన్నరు. ఆయనకు ఒక హిందూ దోస్తున్నడు, ఒక క్రైస్తవ దోస్తున్నడు. ఇద్దరినీ అడిగిండు. హిందువు నా ఇంట్ల నౌకర్లు పోతరన్నడు. బాప్మన కులంల నుంచి క్రైస్తవంల కలిసిన ఇంకొకాయన నా పెండ్లాన్ని అడిగి చెప్తనన్నడు. ఇంక చేసేదేం లేక కామాఠీబాగ్ అనే తోటల కూసొని, రాత్రి బండికి బొంబాయి తిరిగొచ్చిండు. ఇదంతా ఆయనే రాసి పెట్టిండు. సదువుకుంటే కులం పోతదని మనకు చెప్పేటోళ్ళు ఒక్కసారి ఆ తోట బెంచీ మీద కూసొని ఆలోచించాలె.

మరి చట్టం లేదా అంటే ఉన్నది. అంటరానితనం నేరమని 1955లో చట్టం చేసిండ్రు. 1976లో దాన్ని గట్టి చేసి పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు పెట్టిండ్రు. అందుల నాలుగో సెక్షన్ చదవండి. ఏ మొహల్లాలైనా సరే, ఇల్లు కట్టుకోవడానికి, కొనుక్కోవడానికి, ఉండడానికి అంటరానితనం పేరు మీద అడ్డుపడితే శిక్ష అని రాసి ఉన్నది. శిక్ష ఎంత? నెల నుంచి ఆరు నెలల జైలు, వంద నుంచి ఐదు వందల రూపాయల జుర్మానా. ఐదు వందలు! ఇయ్యాల రేపు ఒక టులెట్ బోర్డు రాయించినా అంతకు తక్కువ కాదు. ఆ సెక్షన్ కింద ఇల్లు ఇయ్యనోడు ఒక్కడు జైలుకు పోయిండని మీరెవరైనా విన్నరా? నేను వినలేదు. ఇంటాయన నోటితోని కులం పేరు తీస్తె కద కేసు? "మర్చిపోయినం" అన్న మాటకు సెక్షన్ లేదు.

పైనున్న కోర్టుల సంగతి ఇంకో తీరు. 2005లో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. అహ్మదాబాద్‌ల పార్సీల హౌసింగ్ సొసైటీ ఒకటి, మా సొసైటీల పార్సీలు తప్ప ఇంకొకరు మెంబరు కావద్దని బైలాల రాసుకున్నది. అది చెల్లుతదని తీర్పు. చిన్న మతమోళ్ళు తమను తాము కాపాడుకునే హక్కని కొందరు మెచ్చుకున్నరు. కావచ్చు. కాని ఆ తలుపు ఒకసారి తెరుచుకున్నంక అందుల నుంచి దూరేది చిన్న మతమోళ్ళేనా? "మాదంతా ఒక్క కులపు అపార్టుమెంటు" అని గర్వంగ చెప్పుకునేటోళ్ళు హైదరాబాద్‌ల ఉన్నరు, మన జిల్లా కేంద్రంల కూడా తయారైతున్నరు. 2001 జనాభా లెక్కలు పట్టుకొని దేశంల ఏడు పెద్ద నగరాలను వార్డువారీగ చూసిన పరిశోధకులు, అందుల హైదరాబాద్ కూడా ఉన్నది, పట్నంల జనం డబ్బును బట్టి వేరు పడిన దాని కంటె కులాన్ని బట్టి వేరు పడిందే ఎక్కువని తేల్చిండ్రు. పట్నం పోతే కులం పోతదని ఎవరు చెప్పిండ్రో వాళ్ళే జవాబు చెప్పాలె.

ఇంక మన బోధన్ దిక్కు చూద్దం. ఈ చెరుకు సీమల మనుషులు ఉండే జాగలు నాలుగు తీర్లు. ఊళ్ళె వాడ. కాలువ పక్కన క్యాంపు. మిల్లు పక్కన క్వార్టర్లు. పట్నంల గల్లీ. ఒక్కొక్కటి ఎట్ల పుట్టిందో చూస్తె మన బతుకు మనకు తెలుస్తది.

వాడ సంగతి చెప్పే పని లేదు. ఊరికి ఒక పక్క, నీళ్ళు పారే చివర, గాలి పోయే దిక్కు. మాలవాడ వేరు, మాదిగ గేరి వేరు. మనల మనకు కూడా గేర్లున్నయి, దాన్ని దాచుకునేదేముంది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణల వర్గీకరణ చట్టం అమలుకొచ్చింది. కొలువుల, సదువుల వాటా మూడు గ్రూపులుగ పంచుకుంటున్నం. మంచిదే, ఎన్నేండ్ల కొట్లాటో అది. ఇండ్ల జాగల సంగతి మాత్రం మాలోడు, మాదిగోడు ఇద్దరూ ఇంక ఊరవతలనే ఉన్నరు.

క్యాంపు పుట్టింది నీళ్ళతోని. మంజీర మీద నిజాంసాగర్ 1923ల మొదలుపెట్టి 1931ల పూర్తి చేసిండ్రు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజనీరు. 2,75,000 ఎకరాలకు నీళ్ళియ్యాలని లెక్క. అప్పటిదాక జొన్న, మక్క పండిన నేలల వరి, చెరుకు వచ్చినయి. తరి ఎవుసం తెలిసినోళ్ళని కృష్ణా, గుంటూరు దిక్కు నుంచి రైతులను పిలిచి భూములిచ్చిండ్రు. వాళ్ళు వచ్చి దిగినయే క్యాంపులు. బోధన్, వర్ని, కోటగిరి దిక్కు పోతే ఇప్పటికీ ఆ పేర్లే. నేను ఆ రైతుల మీద పగతోని చెప్తలేను. వాళ్ళూ కష్టపడిండ్రు, అడవి కొట్టిండ్రు. నేనడిగేది ఒక్కటే. దూరం నుంచి వచ్చినోనికి కాలువ పక్కన భూమి, భూమి పక్కన ఇల్లు దొరికింది. ఆ కాలువ తవ్విన, ఆ కట్టకు తట్ట మోసిన ఊరి మాదిగోడికి ఏం దొరికింది? పాత వాడనే. నీళ్ళొచ్చినంక పనిదినాలు పెరిగినయి, జాగ మారలేదు.

క్వార్టర్లు పుట్టింది శక్కరతోని. 1937ల నిజాం షుగర్ ఫ్యాక్టరీ మొదలైంది. ఆసియాల పెద్దదని పేరు. దాని చుట్టు బస్తీకి పేరే శక్కర్‌నగర్. కంపెనీకి సొంతంగ వేల ఎకరాల చెరుకు ఫారాలుండె. రైలు పట్టాలు బోధన్ దాక వచ్చినయి. ఆఫీసర్లకు తోటల నడుమ బంగళాలు, స్టాఫుకు వేరే వరుస, కార్మికులకు వేరే వరుస. ఇది కూడా ఒక తీరు వర్ణవ్యవస్థనే అని మా దోస్తు ఒకాయన అంటడు. నిజమే. బంగళాల ఎవరుండిరి, చెరుకు కొట్టేటోడు ఏడ పండిండు? మహారాష్ట్ర నుంచి బండ్లు కట్టుకొని వచ్చే చెరుకు కొట్టే ముఠాలు పొలం గట్టు మీద గుడిసెలేసుకున్నరు. పర్మినెంటు అయినోనికి క్వార్టరు, సీజన్ కార్మికునికి ఆశ. మా మేనమామ సీజన్ కార్మికుడు. ఏండ్లకేండ్లు పర్మినెంటు అయితదని ఎదురుచూసుకుంట, పర్మినెంటు అయిన ఇంకొకాయన క్వార్టరుల ఒక అర్ర కిరాయికి తీసుకొని ఉండె.

అయినా ఒక మాట చెప్పాలె. ఆ అర్రల ఉన్ననాడే మా అత్త మొదటిసారి అందరి నల్లా కాడ తన బిందె తాను ముంచుకున్నది. ఊళ్ళె బాయి కాడ వంచి పోసేదాక నిలబడ్డ మనిషి ఆమె. క్వార్టర్ల వరుసల ఎడమ పక్క గౌండ్లోళ్ళు, కుడి పక్క తురకోళ్ళు, ఎదురుంగ ఆంధ్ర నుంచి వచ్చిన ఫిట్టరు. చిమ్నీ బూడిద అందరి బట్టల మీద ఒక్క తీరుగనే పడె. మొలాసిస్ కంపు అందరి ముక్కులకు ఒక్కటే. పిల్లలు ఒక్క బడికి పోయిండ్రు. ఉత్తరం వస్తే మీద "మాదిగ గేరి" అని ఉండకపోయేది, క్వార్టరు నంబరు ఉండేది. ఆ నంబరు విలువ ఏందో పుట్టినప్పటి నుంచి సొంతింట్ల ఉన్నోనికి తెల్వదు. కులం పోయిందని నేను అంటలేను. పెండ్లి చెయ్యాలంటే ఎవరి కులం వాళ్ళకు యాదికొచ్చేది. పండుగకు ఎవరు ఎవరింట్ల తింటరో లెక్క ఉండె. కాని కులాన్ని చూపించడానికి గోడ లేదు, పొలిమేర లేదు. మిల్లు దయ వల్ల కాదిది, కులాన్ని తీసెయ్యాలని ఆ కంపెనీకి ఎన్నడు లేదు. డ్యూటీకి టైముకు రావాలె కాబట్టి మనిషిని మిల్లు పక్కన పెట్టుకున్నది, అంతే. ఎవడో తన అవసరానికి చేసిన పనిల మనకు కొంత ఊపిరాడింది.

ఆ ఊపిరి తీసిందెవరో అందరికీ తెలుసు. 2002ల తెలుగుదేశం ప్రభుత్వం ఫ్యాక్టరీని ప్రైవేటుకు అప్పజెప్పింది. డెల్టా పేపర్ మిల్స్‌కు 51 వంతులు, ప్రభుత్వానికి 49 వంతులు. పేరు నిజాం డెక్కన్ షుగర్స్. కాయితాల మిల్లోనికి చక్కెర మిల్లు! తర్వాత వచ్చిన ప్రభుత్వం శాసనసభ కమిటీ వేసింది, కమిటీ రిపోర్టు ఇచ్చింది, రిపోర్టు బీరువాల పడ్డది. 2014 ఎన్నికలల్ల ప్రభుత్వమే తీసుకుంటదని మాటిచ్చిన పార్టీ రాజ్యంలనే, 2015 డిసెంబర్ల బోధన్, ముత్యంపేట, మెదక్ దిక్కు మంబోజిపల్లి, మూడింటికీ లే-ఆఫ్ పెట్టిండ్రు. 2019ల కంపెనీ లా ట్రిబ్యునల్ దాన్ని లిక్విడేషన్‌కు పంపింది. 2024ల కొత్త ప్రభుత్వం, మిల్లు తెరిపించడానికి మంత్రి శ్రీధర్ బాబు పెద్దగ ఇంకో కమిటీ వేసింది. ఈ కథల ప్రతి రాజ్యంల కమిటీ ఉన్నది, ప్రతి కమిటీల చెరుకు ఉన్నది, బ్యాంకు అప్పున్నది, టన్నుల లెక్కున్నది. రైతు సంఘమోళ్ళు చెరుకు ధర అడిగిండ్రు. కార్మిక సంఘమోళ్ళు బకాయి జీతాలు అడిగిండ్రు. రెండూ న్యాయమే. క్వార్టర్ల సంగతి, ఆ జాగ సంగతి ఎవరడిగిండ్రు?

అసలు పైసలున్నది ఆ జాగల. మిల్లు మిషన్లు తుప్పు పట్టినయి, తూకానికి పోతయి. భూమి తుప్పు పట్టదు. కంపెనీ చెరుకు ఫారాలల్ల చానా భూమి ఇప్పటికే చేతులు మారింది. అందుల చెరుకు కొట్టినోని చేతికి ఎన్ని గుంటలొచ్చినయో బోధన్ దిక్కు ఏ వాడల అడిగినా చెప్తరు. ఇంక మిగిలింది బస్తీ జాగ. బోధన్ పట్నానికి ఆనుకొని, రోడ్డు, బడి, దవాఖాన, బస్సు అన్నీ దగ్గరున్న జాగ. లిక్విడేషన్ అంటే ఏంది? ఉన్నది అమ్మి అప్పులోళ్ళకు కట్టుడు. రేపు మిల్లు తెరిచినా, తెరవకున్నా, ఈ జాగ మీద కన్నేసినోళ్ళు గీతలు గీసి ప్లాట్లు కొట్టాలనే చూస్తరు. ఆ ప్లాట్లల కట్టే అపార్టుమెంటుకు పోయి మన పోరడు తలుపు కొడితే మళ్ళ అదే మాట, "మీరేమోళ్ళు?"

ఇటు సర్కారు ఇండ్ల సంగతి చూడండి. 2015 నుంచి డబుల్ బెడ్రూం అన్నరు. 560 చదరపు అడుగులు, రెండర్రలు, చూస్తే బాగనే ఉండె. ఎందరికొచ్చినయో మీ ఊరి లెక్క మీరే చూసుకోండి. 2024 మార్చిల భద్రాచలంల ఇందిరమ్మ ఇండ్లు మొదలుపెట్టిండ్రు. ఇంటికి ఐదు లక్షలు, నాలుగు విడతలు. దరఖాస్తులను లిస్టులుగ చేసిండ్రు. సొంత జాగ ఉన్నోడు ఎల్-1. సొంత జాగ లేనోడు ఎల్-2. ముందు ఎవరికి? జాగ ఉన్నోనికి. ఇది విని నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వదు. ఇల్లు లేని పేదోళ్ళల్ల అందరి కంటె పేదోడు జాగ కూడా లేనోడు. వాడే లైన్ల ఎనుకకు పోయిండు. మన వాడలల్ల ఒక్క ఇంట్ల ముగ్గురన్నదమ్ములు, ముగ్గురు కోడండ్లు, అడ్డం ఒక చీర కట్టుకొని పండుకుంటున్నరు. ఉన్న గుంటెడు జాగ తాత పేరు మీదున్నది. చిన్నోడు ఎల్-2. వాని పేరు ఎన్నడు పలుకుతదో ఎవనికీ తెల్వదు.

ఎల్-2 వాళ్ళకు జాగ చూపిస్తమని కొన్నిచోట్ల అంటున్నరు. ఏడ చూపిస్తరు? గుట్ట పక్కన, వాగు ఒడ్డున, ఊరికి రెండు కిలోమీటర్ల అవతల. దానికి అంబేద్కర్ కాలనీ అని పేరు పెడతరు. బాబాసాహెబ్ పేరు పెట్టి కొత్త వాడ కట్టుడన్నట్టు! ఐదు లక్షల ఇల్లు ఊరవతల గట్టు మీద కడితే దాని ధర రెండేండ్లకు ఐదు లక్షలు కూడ ఉండదు, బ్యాంకోడు దాని మీద అప్పియ్యడు. అదే ఇల్లు బస్తీ నడుమ ఉంటే కింది అర్రల కిరాణం పెట్టుకోవచ్చు, మీది అర్ర కిరాయికియ్యొచ్చు, బిడ్డ కాలేజీకి నడిచి పోతది. సిమెంటు ఒక్కటే, ఇటుక ఒక్కటే, జాగనే వేరు. అగ్రకులాలకు ఈ లెక్క తరతరాలుగ తెలుసు. మనమే ఇంక పైకప్పు లెక్క చూస్తున్నం.

అందుకే నేననేది, శక్కర్‌నగర్ క్వార్టర్ల జాగ ఎవరికీ అమ్మొద్దు. ఆ క్వార్టర్లల్ల బతికిన కార్మికులకు, బోధన్ చుట్టు ఎల్-2ల ఉన్న జాగ లేని కుటుంబాలకు, కులాలు కలిపి, ఉన్న చోటనే ఇండ్లు కట్టియ్యాలె. దళితులకు ఒక మూల, మిగిలినోళ్ళకు ఒక మూల కాదు. చీటీలు తీసి, నంబరు ప్రకారం. పాత క్వార్టరు పద్ధతే.

ఇది కుదిరే పనేనా అంటరు. బొంబాయిల కుదిరింది. మన తెలుగోళ్ళకు ఆ పట్నం కొత్తది కాదు. నిజాం రాజ్యం నుంచి పోయి అక్కడ కట్టుబడి కూలీ చేసిన కామాఠీల పేరు మీదనే కామాఠీపుర ఉన్నది. ఆ పట్నంల మిల్లు కార్మికులకు, దళితులకు తెల్లదొరల నాడు 1920లల్ల బీడీడీ చాళ్ళు కట్టిండ్రు. మొత్తం 207 బిల్డింగులు. వర్లీ, నాయగావ్, పరేల్ దిక్కు ఎన్.ఎం. జోషి మార్గ్, శివ్డీ. ఒక్క కుటుంబానికి 160 చదరపు అడుగుల అర్ర, సండాసు అందరికీ కలిపి. పట్నం పెరిగి ఆ జాగ బంగారమైంది. బిల్డర్ల నోట్ల నీళ్ళూరినయి. కాని అక్కడి జనం జాగ ఇడువలేదు. ఏండ్ల కొద్ది కొట్లాడిండ్రు. ఆఖరికి సర్కారే మ్హాడా సంస్థతోని ఉన్న జాగలనే టవర్లు కట్టించి, 160 అడుగులోళ్ళకు 500 అడుగుల ఇల్లు పైస తీసుకోకుండ ఇయ్యాలని ఒప్పుకున్నది. 2025 ఆగస్టుల వర్లీల మొదటి 556 కుటుంబాలకు తాళాలిచ్చిండ్రు. ఆ స్కీముల లోపాలున్నయి, మీద కట్టే మిగిలిన ఫ్లాట్లు సర్కారు అమ్ముకుంటది, టవర్ల నెలనెల ఖర్చు పేదోడు ఎట్ల మోస్తడన్న భయం ఉన్నది. అవి మనం ముందే చూసుకోవాలె. కాని "ఉన్న జాగలనే ఇల్లు" అన్న మాట అరబ్బు సముద్రం ఒడ్డున, దేశంల అందరి కంటె పిరమైన భూమి మీద చెల్లినప్పుడు, బోధన్ల ఎందుకు చెల్లదు?

ఇంక మనోళ్ళే కొందరు ఇంకో మాటంటరు. "అందరితోని కలిసి ఉంటే మన బలం పోతది. వాడల ఉంటేనే ఒక్క డప్పు దెబ్బకు వంద మంది వస్తరు." ఈ మాటను నేను తీసిపారెయ్యను. 1974 జనవరిల వర్లీ చాళ్ళల్ల దళిత పాంథర్ల మీద దాడి జరిగిననాడు నిలబడి కొట్లాడింది ఒక్క దగ్గరున్న జనమే. మన ఆర్మూర్, బాల్కొండ దిక్కు గ్రామాభివృద్ధి కమిటీల సంగతి తెల్వందెవరికి? కమిటీ అని పేరు, నడిచేది కులపంచాయితి. బెల్టుషాపు వేలం, ఇసుక వేలం, మాట వినకపోతే జుర్మానా, కట్టకపోతే బహిష్కారం. దుకాణంల ఉప్పియ్యరు, మాట్లాడినోనికి తప్పు పెడతరు. సాంఘిక బహిష్కారం నేరమని 2015 సవరణతోని అట్రాసిటీ చట్టంల చేర్చిండ్రు, 2016 జనవరి 26 నుంచి అమలుకొచ్చింది. అయినా ఆగలేదు. అసొంటి ఊళ్ళె వాడ కలిసి లేకపోతే ఒక్కొక్క ఇంటిని ఒక్కొక్కటిగ మింగేస్తరు. నిజం.

బాబాసాహెబ్ కూడా 1942 జూలైల నాగపూర్ సభల, హిందూ ఊర్ల మీద ఆధారపడకుండ దళితులకు వేరే ఊర్లు కావాలని తీర్మానం చేయించిండు. అదే మనిషి తన ఇల్లు ఏడ కట్టుకున్నడు? ఇరువై ఏండ్లు పరేల్ల ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు చాళ్ళె, రెండర్రలల్ల, కార్మికుల నడుమ బతికిండు. తర్వాత 1930లల్ల దాదర్ల, పేరుల్నే హిందువులున్న హిందూ కాలనీల, బాప్మనోళ్ళ ఇండ్ల నడుమ "రాజగృహ" కట్టిండు. తన కోసం కట్టుకున్న దాని కంటె పుస్తకాల కోసం కట్టింది ఎక్కువ. 1935 మేల రమాబాయి తల్లి ఆ ఇంట్లనే కన్నుమూసింది. 1956 డిసెంబర్ల ఢిల్లీ నుంచి ఆయన భౌతికకాయం వచ్చింది ఆ ఇంటికే. 2020 జూలై 7 నాడు దుండగులు పోయి ఆ ఇంటి పూలకుండీలు, కిటికీ అద్దాలు పగలగొట్టిండ్రు. చచ్చిపోయిన అరువై నాలుగేండ్లకు కూడ ఆ ఇల్లు ఆ జాగల ఉండుడు ఎవనికో కండ్లల్ల పడుతున్నదన్నట్టు.

నాగపూర్ తీర్మానానికి, రాజగృహకు పొత్తు లేదని కొందరు మేధావులు అంటరు. నాకైతే రెండూ ఒక్కటే. ఊరోడు చూపించిన మూలన ఉండం. మేమే ఒక ఊరు కట్టుకుంటే అది మా ఇష్టం, హిందూ కాలనీ నడుమ కట్టుకుంటే అదీ మా ఇష్టం. వాడ మనం ఏరుకున్నది కాదు, మనల తోసేసిన జాగ. తోసేసిన జాగల కూడా బలం సంపాయించుకున్నం, అది మన గొప్ప, వాడ గొప్ప కాదు. క్వార్టర్లల్ల ఉన్ననాడు మన సంఘాలు లేవా? యూనియన్ల ఉన్నం, జయంతులు చేసినం. రాకాసిపేట నుంచి, ఆచన్‌పల్లి నుంచి జనం కలిసొచ్చిండ్రు. ఇండ్లు దూరమైతే సంఘం పోతదన్నోడు సంఘం మీద కాదు, గోడ మీద నమ్మకం పెట్టుకున్నోడు.

సరే, చేసుడెట్ల? మొదలు కాయితాలు కావాలె. శక్కర్‌నగర్ల కంపెనీ పేరు మీద ఎన్ని ఎకరాలున్నయి, అందుల క్వార్టర్ల కింద ఎంత, ఇప్పటిదాక ఎంత అమ్మిండ్రు, ఎవరికమ్మిండ్రు అని సమాచార హక్కు చట్టం కింద బోధన్ తహసీల్ ఆఫీసుల, కలెక్టరాఫీసుల దరఖాస్తు పెట్టాలె. 2005 చట్టం, పది రూపాయలు దాటని ఖర్చు, ముప్పై రోజుల్ల జవాబియ్యాలె. సదువొచ్చిన పిల్లలు ఊరికొక్కరు పెడితే చాలు. రెండోది, ఎల్-2 లిస్టు. గ్రామసభల చదివిన లిస్టు కాపీ పంచాయతీల తీసుకొని, అందుల మన కులాల పేర్లు, బీసీల పేర్లు, ముస్లింల పేర్లు ఎన్నున్నయో లెక్క రాసుకోండి. ఇది ఒక్క మాల మాదిగల కొట్లాటగ మొదలుపెడితే ఇయ్యాల మొదలై ఎల్లుండి ఆగిపోతది. జాగ లేని సాకలోడు, బీడీలు చేసే పద్మశాలి అక్క, దూదేకులోడు మనతోని రావాలె. క్వార్టర్లల్ల ఇంక ఉన్న పాత కార్మికులను మొదలు కలవండి. వాళ్ళకు, మీ జాగ గుంజుకోవడానికొస్తున్నరని ఎవడో చెప్పక ముందే మనం పోయి చెప్పాలె, మీరు లేకుంట ఈ జాగ మాకొద్దని.

కమిటీలు వేసేటోళ్ళు మిల్లు గురించి మాట్లాడనియ్యండి. మిల్లు తెరిస్తే మనకు పని, మనం వద్దనేదేముంది. కాని ఆ మిల్లు కాయితాల మీద సంతకం పెట్టే ముందు బస్తీ జాగ మిల్లుతోని కలిపి పోతదా, వేరుగ పెడతరా అన్నది రాతల ఉండాలె.

ఏప్రిల్ 14 వస్తది. నిజామాబాద్ ఫులాంగ్ చౌరస్తాల, బోధన్ అంబేద్కర్ చౌరస్తాల అన్ని పార్టీల లీడర్లు నీలి కండువలు ఏసుకొని దండలు పట్టుకొని లైను కడతరు. ఆ నాడు దండ ఏసి మెట్లు దిగే ప్రతి లీడరుకు ఒక్క కాయితం చేతికియ్యండి. అందుల ఒక్కటే ప్రశ్న రాయండి, శక్కర్‌నగర్ క్వార్టర్ల జాగ ఎవరికిస్తున్నరు? జవాబు కింద సంతకం పెట్టమనండి. పెట్టినోని పేరు, పెట్టనోని పేరు రెండూ ఈ పత్రికకు రాసి పంపండి, వచ్చిన కాడికి అచ్చేస్తం.